రుమటాయిడ్ కీళ్ళవాతంలో రోగనిరోధక కణాలు: పరిశోధన చరిత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం

రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళనే దెబ్బతీయడం వల్ల కలిగే దీర్ఘవ్యాధి రుమటాయిడ్ కీళ్ళవాతం. ఈ నష్టానికి మూలమైన కణం ఏది అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి వేర్వేరు సమాధానాలు వచ్చాయి. మొదట రక్తంలోని ప్రతిరక్షకాలు, తరువాత టి కణాలు, ఆపైన మాక్రోఫేజులు, మళ్ళీ బి కణాలు, ఇటీవల ఫైబ్రోబ్లాస్టులు ప్రధాన కారకాలుగా పరిగణన పొందాయి. ఆయా కాలాల్లో అందుబాటులో ఉన్న పరికరాలు, పరీక్షకు దొరికిన నమూనాలు, మందుల ప్రయోగ ఫలితాలు ఈ అభిప్రాయాలను ఎలా నిర్ణయించాయో, ఎలా మార్చాయో ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. కీలులో ఒక కణం కనిపించడం వేరు, వ్యాధికి అది కారణం కావడం వేరు అన్న విచక్షణ ఈ చరిత్రలో ఎలా రూపుదిద్దుకుందో నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీలుపొర, టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజులు, టీఎన్‌ఎఫ్, మెథోట్రెక్సేట్, ఎల్లాప్రగడ సుబ్బారావు, వైద్యశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

మోకాలు, మణికట్టు, వేళ్ళ కణుపులు వంటి కదిలే కీళ్ళకు లోపలివైపు ఒక పలుచని పొర ఉంటుంది. వైద్యశాస్త్రంలో దీనిని సైనోవియం అంటారు. ఈ వ్యాసంలో దానిని కీలుపొర అని వ్యవహరించడమైనది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర పైవరుస మందం ఒకటి నుంచి మూడు కణాలు మాత్రమే. ఎముకల చివర్లు ఒరుసుకోకుండా జారడానికి కావలసిన జిగట ద్రవం అందులోనే తయారవుతుంది. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ఆ వరుస పది కణాలకు పైగా మందమవుతుంది. దాని కింద కొత్త రక్తనాళాలు పుడతాయి. రక్తంలోంచి తెల్లకణాలు గుంపులుగా వచ్చి అక్కడ స్థిరపడతాయి. అలా ఉబ్బిన కణజాలం మృదులాస్థి మీదికి పాకి, చివరకు ఎముకను తినివేస్తుంది. ఉదయం లేవగానే వేళ్ళు ముడుచుకోలేకపోవడం, రెండు చేతుల్లోనూ అవే కీళ్ళు వాయడం, చికిత్స అందకపోతే కొన్నేళ్ళకు వేళ్ళు వంకర తిరగడం ఈ వ్యాధి బయటికి కనిపించే రూపాలు.

ఈ వ్యాధి పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. భారతీయ వయోజనుల్లో దీని వ్యాప్తి సుమారు 0.75 శాతమని మాలవీయ బృందం 1993లో ప్రకటించింది. తెలుగులో 'కీళ్ళవాతం' అనే మాట అన్ని రకాల కీళ్ళనొప్పులకూ వర్తిస్తుంది. వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల వేరు, రోగనిరోధక కణాల వల్ల వచ్చే ఈ వ్యాధి వేరు. మాధవకరుని 'మాధవనిదానం'లో ప్రత్యేక అధ్యాయంగా ఉన్న ఆమవాతాన్ని నేటి ఆయుర్వేద వైద్యులు తరచుగా దీనితో పోలుస్తారు. అయితే ఆ రెండు నిర్వచనాలకూ మూలమైన శరీర సిద్ధాంతాలు వేరు కనుక, వాటిని ఒకటిగా భావించకుండా ఈ వ్యాసం ఆధునిక వైద్య పరిశోధనకే పరిమితమవుతుంది.

ఈ చరిత్ర కేవలం ప్రయోగశాలలకు సంబంధించినది కాదు. వ్యాధికి కారణంగా దేనిని భావించారో దానిని బట్టే రోగికి చికిత్స జరిగింది. కారణం పంటి చీము అనుకున్న రోజుల్లో రోగులు పళ్ళు పోగొట్టుకున్నారు. కారణం టి కణం అనుకున్న రోజుల్లో ఆ కణాలను తొలగించే చికిత్సలకు లోనయ్యారు. అందువల్ల ఒక సిద్ధాంతం ఎంత బలమైన ఆధారంతో నిలిచింది అన్న ప్రశ్నకు ఇక్కడ మానవీయ ప్రాధాన్యం ఉంది.

2. వ్యాధికి ప్రత్యేక గుర్తింపు (1800-1941)

పారిస్‌లోని సాల్‌పేత్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన ఒగుస్తాఁ లాండ్రే-బోవే 1800లో తన వైద్య సిద్ధాంత గ్రంథంలో ఒక ప్రత్యేకమైన కీళ్ళవ్యాధిని వర్ణించాడు. అప్పటి అభిప్రాయం ప్రకారం గౌట్ ముఖ్యంగా సంపన్న పురుషులకు వచ్చే వ్యాధి. ఆయన చూసిన రోగులు పేద స్త్రీలు. అయినా ఆయన దానిని గౌట్‌లోనే ఒక బలహీన రూపంగా భావించాడు. కొత్త వ్యాధిని చూసినా, పాత పేరు చట్రంలోంచి ఆయన బయటపడలేదు.

ఆ చట్రాన్ని రసాయనశాస్త్రం విడగొట్టింది. లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని 1848లో నిరూపించాడు. ఆ పరీక్ష ఆధారంగా గౌట్ కాని కీళ్ళవ్యాధులను వేరుచేయడం సాధ్యమైంది. 1859లో వెలువడిన తన గ్రంథంలో ఆయన 'రుమటాయిడ్ ఆర్థరైటిస్' అనే పేరును ప్రతిపాదించాడు. అమెరికన్ రుమటిజం అసోసియేషన్ ఆ పేరును అధికారికంగా స్వీకరించడానికి 1941 వరకు సమయం పట్టింది. ఈ వ్యాధి మొదట 'యూరిక్ ఆమ్లం లేని వ్యాధి'గా గుర్తింపు పొందింది. అది ఏమి కాదో తెలిసింది గాని, ఏమిటో తెలియలేదు. ఆ ఖాళీని తరువాతి సిద్ధాంతాలు పూరించే ప్రయత్నం చేశాయి.

3. సూక్ష్మజీవి వాదం

పంతొమ్మిదో శతాబ్దం చివర సూక్ష్మజీవి సిద్ధాంతం వైద్యశాస్త్రాన్ని ఆక్రమించింది. పళ్ళలోనో టాన్సిల్స్‌లోనో దాగిన చీము నుంచి సూక్ష్మజీవులు రక్తంలో ప్రయాణించి కీళ్ళను చేరుతాయన్న వాదాన్ని 1910ల నుంచి షికాగో వైద్యుడు ఫ్రాంక్ బిల్లింగ్స్ బలంగా ప్రచారం చేశాడు. ఆ వాదం ప్రకారం కీళ్ళనొప్పులున్న ఎందరికో పళ్ళు, టాన్సిల్స్ తొలగించారు. న్యూయార్క్‌లో రసెల్ సెసిల్ స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవే కారణమని 1930 ప్రాంతంలో ప్రకటించాడు. అయితే అదే సెసిల్ తన సహచరునితో కలిసి 200 మంది రోగుల వివరాలను విశ్లేషించి, ఆ వాదానికి తగిన ఆధారం లేదని 1938లో ప్రచురించాడు. తాను సమర్థించిన సిద్ధాంతాన్ని తానే పరీక్షించి విడిచిపెట్టడం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన సందర్భం.

ఇదే కాలంలో ఫ్రాన్స్‌లో జాక్ ఫోరెస్తియే ఈ వ్యాధికి క్షయతో పోలిక ఉందని భావించి, క్షయకు వాడుతున్న బంగారు లవణాలను కీళ్ళవాత రోగులకు ఇచ్చి 1929లో ఫలితాలు ప్రకటించాడు. క్షయతో పోలిక నిలవలేదు. బంగారు లవణాలు మాత్రం కొందరికి మేలు చేస్తాయని తరువాతి పోలిక పరీక్షల్లో తేలింది. తప్పు ఊహ నుంచి పనికివచ్చే మందు పుట్టగలదని, మందు పనిచేసినంత మాత్రాన దాని వెనుక ఉన్న ఊహ నిజం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1929 నుంచి ఒక విషయాన్ని గమనిస్తూ వచ్చాడు. పచ్చకామెర్లు వచ్చినప్పుడు, గర్భం ధరించినప్పుడు కొందరు రోగులకు కీళ్ళ బాధ తగ్గేది. అంటే వ్యాధి వెనక్కు మళ్ళగలదు. ఆ మార్పు తెచ్చే పదార్థం కోసం సాగిన అన్వేషణ ఫలితంగా 1948 సెప్టెంబరు 21న ఒక రోగికి కార్టిసోన్ తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె నడవగలిగింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారడం వంటి హాని కలుగుతుందని త్వరలోనే తెలిసివచ్చింది. అయినా సూక్ష్మజీవిని చంపని ఒక హార్మోను వాపును అణచగలిగింది. అంటే వాపుకు మూలం శరీరం లోపలి ప్రతిస్పందనలోనే ఉండవచ్చునన్న ఆలోచనకు బలం చేకూరింది.

4. రక్తం నుంచి కీలుకు: ప్రతిరక్షకాల దశ

నార్వే శాస్త్రజ్ఞుడు ఎరిక్ వాలర్ ఒక రోగి సీరంలో వింత లక్షణాన్ని గుర్తించి 1940లో ప్రకటించాడు. కుందేలు ప్రతిరక్షకాలు అంటించిన గొర్రె ఎర్రరక్తకణాలను ఆ సీరం గుంపులుగా అతికిస్తోంది. యుద్ధకాలంలో వెలువడిన ఆ ఫలితాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1948లో న్యూయార్క్‌లో హ్యారీ రోజ్ బృందం అదే విషయాన్ని స్వతంత్రంగా కనుగొంది. సీరంలోని ఆ పదార్థమే 'రుమటాయిడ్ ఫ్యాక్టర్'. సాధారణ ప్రతిరక్షకాలను పట్టుకొనే అధిక అణుభారం గల మరొక ప్రతిరక్షకమే అదని 1957లో రాక్‌ఫెల్లర్ సంస్థలోని హెన్రీ కుంకెల్ బృందం వెల్లడించింది. శరీరం తన ప్రతిరక్షకాల మీదనే ప్రతిరక్షకాలను తయారుచేస్తోందన్నమాట.

రక్తంలో దొరికిన ఈ ఆధారాన్ని కీలుకు కలిపే పని 1960లలో సాగింది. కీలు ద్రవంలోని తెల్లకణాలు రుమటాయిడ్ ఫ్యాక్టర్ సమ్మేళనాలను మింగి, వాటిని రేణువులుగా మోస్తున్నాయని జోసెఫ్ హాలండర్ బృందం 1965లో చూపింది. రోగుల కీలుపొర ముక్కలను ప్రయోగశాలలో పెంచితే అవి సొంతంగా ప్రతిరక్షకాలను తయారుచేస్తాయని మోరిస్ జిఫ్ బృందం 1968లో నిరూపించింది. సమ్మేళనాలను మింగిన కణాలు ఎంజైములను వెదజల్లి కీలును పాడుచేస్తాయన్న సిద్ధాంతం దీనితో రూపుదాల్చింది.

ఇక్కడ నమూనా ప్రాధాన్యాన్ని గమనించాలి. వాచిన మోకాలి నుంచి సూదితో ద్రవాన్ని తీయడం సులభం. ఆ ద్రవంలో ఎక్కువగా కనిపించేవి న్యూట్రోఫిల్స్. కీలుపొరలో మాత్రం లింఫోసైట్లు, మాక్రోఫేజులు ఎక్కువ. పొర ముక్క చాలాకాలం శస్త్రచికిత్స సందర్భంలోనే దొరికేది. అంటే వ్యాధి ముదిరి, కీలు శిథిలమైన దశలోనే దానిని చూడగలిగేవారు. పార్కర్, పియర్సన్ 1963లో వర్ణించిన సన్నని బయాప్సీ సూది ఈ పరిమితిని కొంత సడలించింది. ద్రవాన్ని చూసినవారు ఒక కణాన్ని, పొరను చూసినవారు మరొక కణాన్ని ప్రధానమనడంలో ఆశ్చర్యం లేదు. ఇంతకూ రుమటాయిడ్ ఫ్యాక్టర్ అందరు రోగుల్లోనూ కనిపించదు. ఆరోగ్యవంతుల్లోనూ కొందరిలో ఉంటుంది. ఈ వైరుధ్యానికి ప్రతిరక్షక సిద్ధాంతం సమాధానం చెప్పలేకపోయింది.

5. టి కణాల ప్రాబల్యం, పరీక్ష

థైమస్ గ్రంథి ప్రాధాన్యాన్ని జాక్ మిల్లర్ 1961లో వెల్లడించాడు. ఆ దశాబ్దం చివరికి లింఫోసైట్లలో టి, బి అనే రెండు తెగలు స్పష్టమయ్యాయి. కీలుపొరలో చేరిన లింఫోసైట్లలో అధికభాగం టి కణాలేనని వాన్ బాక్సెల్, పాజెట్ 1975లో ప్రకటించారు. అదే ఏడాది కోహ్లర్, మిల్‌స్టైన్ ఏకరూప ప్రతిరక్షకాలను, అంటే మోనోక్లోనల్ యాంటీబాడీలను తయారుచేసే పద్ధతిని కనుగొన్నారు. వాటి సాయంతో కణజాలంలో ఏ తెగ కణం ఎక్కడ ఉందో రంగులతో గుర్తించడం సాధ్యమైంది. కీలుపొరలో టి కణాలు మాక్రోఫేజులను ఆనుకొని ఉన్నాయని 1981లో జానొస్సీ బృందం వివరించింది.

జన్యుశాస్త్రం కూడా అటే మొగ్గింది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్4 అనే కణ గుర్తుకూ ఈ వ్యాధికీ సంబంధముందని పీటర్ స్టాస్ట్నీ 1978లో చూపాడు. వ్యాధికి అనుకూలమైన వేర్వేరు హెచ్‌ఎల్‌ఏ రకాలన్నింటిలో ఒకే చిన్న అమైనో ఆమ్ల వరుస ఉందని 1987లో గ్రెగర్సన్, సిల్వర్, విన్‌చెస్టర్ ప్రతిపాదించారు. హెచ్‌ఎల్‌ఏ అణువుల పని పదార్థాల ముక్కలను టి కణాలకు చూపడమే కనుక, టి కణమే మూలమన్న నమ్మకం బలపడింది.

ఆ నమ్మకం ప్రకారం చికిత్సలు వచ్చాయి. లింఫోసైట్లను శరీరం నుంచి వెలికితీయడం, లింఫ్ గ్రంథులపై కిరణాలు ప్రసరింపజేయడం వంటి కఠిన ప్రయోగాల వల్ల కొందరికి తాత్కాలిక ఉపశమనం కలిగింది. 1990లలో సీడీ4 టి కణాలపై గురిపెట్టిన మోనోక్లోనల్ యాంటీబాడీలను పోలిక పరీక్షల్లో వాడి చూశారు. రక్తంలో టి కణాలు తగ్గాయి. కీళ్ళ వాపు మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే గణనీయంగా తగ్గలేదు. రక్తంలోని కణాలు తగ్గినంత మాత్రాన కీలుపొరలో తిష్ఠవేసిన కణాలు తగ్గాయనడానికి వీల్లేదన్న వివరణ ఉన్నప్పటికీ, టి కణ సిద్ధాంతం ప్రతిష్ఠ సన్నగిల్లింది.

అంతకు ముందే, 1990లో, గ్యారీ ఫైర్‌స్టైన్, నేథన్ జ్వైఫ్లర్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. కీలుపొరలో టి కణాలు ఇన్ని ఉంటే, అవి స్రవించే సైటోకైన్లు అంత తక్కువగా ఎందుకున్నాయి? మాక్రోఫేజులు, ఫైబ్రోబ్లాస్టులు స్రవించేవి అంత సమృద్ధిగా ఎందుకున్నాయి? లెక్కలో ఎక్కువైన కణమే పనిలోనూ ఎక్కువ కావాలన్న నియమం లేదని ఆ ప్రశ్న స్పష్టం చేసింది.

6. వివరణకు ముందే వచ్చిన మందు: మెథోట్రెక్సేట్

సిద్ధాంతాలు ఇలా మారుతుండగా, ఏ సిద్ధాంతానికీ చెందని ఒక మందు చికిత్సకు కేంద్రమైంది. దాని మూలం తెలుగువారికి సుపరిచితుడైన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనతో ముడిపడి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆ బృందమే దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, అమెథోప్టెరిన్ అనే పదార్థాలను కూడా రూపొందించింది. ఈ రెండోదే మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచవచ్చునని సిడ్నీ ఫార్బర్ 1948లో చూపాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించాడు.

1951లో న్యూయార్క్ వైద్యుడు రిచర్డ్ గబ్నర్ అమినోప్టెరిన్‌ను కీళ్ళవాత రోగులకు ఇచ్చి, మేలు కనిపించిందని ప్రకటించాడు. అప్పుడు అందరి దృష్టీ కార్టిసోన్ మీద ఉంది. క్యాన్సర్ మందును క్యాన్సర్ కాని వ్యాధికి వాడటానికి వైద్యులు జంకారు. మూడు దశాబ్దాలకు పైగా గడిచాక, 1985లో మైఖేల్ వైన్‌బ్లాట్ బృందం వారానికొకసారి ఇచ్చే తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌ను పోలిక పరీక్షలో నిలబెట్టింది. 1988లో అమెరికా ఔషధ సంస్థ ఈ వ్యాధికి దానిని ఆమోదించింది. నేటికీ ప్రపంచమంతటా ఈ వ్యాధికి మొదటగా ఇచ్చే ప్రధాన ఔషధం ఇదే.

అది ఏ కణం మీద పనిచేస్తుంది? వేగంగా విభజన చెందే కణాలను ఆపుతుందన్న తొలి వివరణ తక్కువ మోతాదుకు సరిపోలేదు. కణాల వెలుపల అడినోసిన్ పెరిగి వాపు తగ్గుతుందని 1990లలో బ్రూస్ క్రాన్‌స్టైన్ బృందం ప్రతిపాదించింది. ఒకే కణానికి పరిమితం కాని ఈ మందు విజయం, ఒకే కణం కోసం సాగుతున్న అన్వేషణకు మౌనంగా వేసిన ప్రశ్న. ఆ ప్రశ్నను ఆ కాలంలో గట్టిగా విన్నవారు తక్కువ.

7. మాక్రోఫేజులు, టీఎన్‌ఎఫ్

టీఎన్‌ఎఫ్‌గా పిలిచే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ప్రధానంగా మాక్రోఫేజులు స్రవించే సైటోకైన్. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో జన్మించిన రవీందర్ నాథ్ మైనీ కలిసి చేసిన పరిశోధన దీనిని ప్రధాన పాత్రగా నిలిపింది. కీలుపొరలో పదుల సంఖ్యలో సైటోకైన్లు ఉన్నాయి. ఒకదానిని ఆపితే మరొకటి ఆ పని చేస్తుందని అప్పటి సాధారణ అభిప్రాయం. ఈ బృందం రోగుల కీలుపొర కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకొనే ప్రతిరక్షకాన్ని కలిపింది. ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరొక సైటోకైన్ ఉత్పత్తి కూడా తగ్గిపోయింది. 1989లో 'లాన్సెట్'లో వెలువడిన ఈ ఫలితం ప్రకారం సైటోకైన్లలో ఎగువ, దిగువ అనే క్రమం ఉంది, టీఎన్‌ఎఫ్ ఎగువన ఉంది. మానవ టీఎన్‌ఎఫ్ అధికంగా తయారయ్యేలా మార్చిన ఎలుకలకు కీళ్ళవాపు వస్తుందని జార్జ్ కొలియాస్ బృందం 1991లో చూపింది.

1992లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 20 మంది రోగులకు టీఎన్‌ఎఫ్ నిరోధకాన్ని ఇవ్వడం మొదలైంది. 1994లో 73 మందిపై జరిగిన పోలిక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. నాలుగు వారాల తరువాత మెరుగుపడినవారు ఉత్తుత్తి మందు వర్గంలో 8 శాతం, తక్కువ మోతాదు వర్గంలో 44 శాతం, ఎక్కువ మోతాదు వర్గంలో 79 శాతం. 1998లో ఎటనర్సెప్ట్, 1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అమెరికాలో ఈ వ్యాధికి ఆమోదం పొందాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇస్తేనే ప్రయోజనం నిలకడగా ఉంటుందని మైనీ బృందమే చూపింది. పాత మందు కొత్త మందుకు ఆసరా అయింది.

ఈ విజయానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, సుమారు మూడోవంతు రోగులకు ఈ మందుల వల్ల తగిన మేలు కలగలేదు. రెండోది క్షయ. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో క్షయ బయటపడిన 70 సంఘటనలను 2001లో ఒక నివేదిక క్రోడీకరించింది. క్షయ క్రిములను మాక్రోఫేజులు ఒక గడ్డలో బంధించి ఉంచుతాయి. ఆ కట్టడి నిలవడానికి టీఎన్‌ఎఫ్ అవసరం. కీలులో హాని చేసే పదార్థమే ఊపిరితిత్తిలో కాపలా కాస్తోంది. దాగి ఉన్న క్షయ విస్తారంగా ఉన్న భారతదేశం వంటి దేశాల్లో ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఉంది. అందుకే ఈ మందులు మొదలుపెట్టే ముందు దాగిన క్షయ కోసం పరీక్షించడం తప్పనిసరి నియమమైంది.

8. బి కణాల పునరాగమనం

ప్రతిరక్షకాల సిద్ధాంతం వెనుకబడిన కాలంలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొనాథన్ ఎడ్వర్డ్స్ దానిని కొత్త రూపంలో ముందుకు తెచ్చాడు. రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను తయారుచేసే బి కణాలు తమను తామే ప్రేరేపించుకొంటూ వ్యాధిని కొనసాగిస్తాయని ఆయన వాదం. లింఫోమా క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ బి కణాలను తొలగిస్తుంది. ఐదుగురు రోగుల్లో దాని ఫలితాలను 2001లోనూ, 161 మందిపై జరిగిన పోలిక పరీక్ష ఫలితాలను 2004లోనూ ఆయన బృందం ప్రచురించింది. ఫలితం అనుకూలంగా వచ్చింది.

ఈలోగా రక్తంలోనే మరింత కచ్చితమైన గుర్తు దొరికింది. రోగుల ప్రతిరక్షకాలు సిట్రులిన్ ఉన్న ప్రోటీన్లను గుర్తిస్తున్నాయని 1998లో నెదర్లాండ్స్‌కు చెందిన స్కెల్లెకెన్స్, వాన్ వెన్‌రోయ్ బృందం వెల్లడించింది. పుచ్చకాయ లాటిన్ పేరు సిట్రుల్లస్ నుంచి పేరు పొందిన సిట్రులిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఎంజైము చర్య వల్ల మారినప్పుడు ప్రోటీన్లలో ఏర్పడుతుంది. నిల్వ ఉంచిన రక్తదాతల నమూనాలను పరీక్షించగా, కీళ్ళనొప్పులు మొదలు కావడానికి కొన్నేళ్ళ ముందే ఈ ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నట్లు తేలింది. పొగతాగడం, హెచ్‌ఎల్‌ఏ వారసత్వం, సిట్రులిన్ ప్రతిరక్షకాలు అనే మూడింటినీ కలుపుతూ స్వీడన్‌కు చెందిన లార్స్ క్లారెస్కాగ్ బృందం 2006లో ఒక నమూనాను ప్రతిపాదించింది. దాని ప్రకారం వ్యాధికి బీజం కీలులో కాక ఊపిరితిత్తుల్లో పడి ఉండవచ్చు. కీలు వ్యాధి కనిపించే చోటు మాత్రమే కావచ్చు.

టి కణాలు కూడా తిరిగి రంగంలోకి వచ్చాయి. వాటిని చంపకుండా, వాటికి అందే ఉత్తేజక సంకేతాన్ని మాత్రమే అడ్డుకొనే అబటాసెప్ట్ 2005లో ఆమోదం పొందింది. ఒక దశాబ్దం కిందట విఫలమైనట్లు భావించిన సిద్ధాంతం వేరే మార్గంలో ఫలించింది. మరోవైపు, ప్రయోగశాలలో అత్యంత శక్తిమంతమైన ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకొనే మందు రోగుల్లో టీఎన్‌ఎఫ్ నిరోధకాల స్థాయి ఫలితం ఇవ్వలేదు. సోరియాసిస్ కీళ్ళవాతంలో బాగా పనిచేసిన ఇంటర్‌ల్యూకిన్-17 నిరోధకాలు ఈ వ్యాధిలో నిరాశపరిచాయి. పైకి ఒకేలా కనిపించే రెండు వాపుల కణవ్యవస్థలు ఒకటి కావని ఈ వైఫల్యమే తెలిపింది.

9. ఒక్కొక్క కణాన్నీ చదివే దశ

2010 తరువాత ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివే పద్ధతి అందుబాటులోకి వచ్చింది. అంతవరకు కణాలను పైగుర్తులతో వర్గీకరించేవారు. ఇప్పుడు వాటి పనిని బట్టి వర్గీకరించడం మొదలైంది. కీలుపొరలో బి కణాలకు తోడ్పడే ఒక ప్రత్యేక టి కణ వర్గాన్ని 2017లో దీపక్ రావు బృందం వర్ణించింది. టి కణమా, బి కణమా అన్న పాత వివాదంలో ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధమే అసలు విషయమని దీనివల్ల తేలింది.

మాక్రోఫేజుల గురించిన అవగాహనలోనూ మార్పు వచ్చింది. కీలుపొర పైవరుసలో కొన్ని మాక్రోఫేజులు ఒకదానికొకటి బిగువుగా అతుక్కొని రక్షణగోడలా ఉంటాయని 2019లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. వ్యాధి శాంతించిన రోగుల కీలుపొరలో వాపును అణచే మాక్రోఫేజులు ఎక్కువగా ఉంటాయని 2020లో అలివెర్నీని, కురోవ్‌స్కా-స్టోలార్‌స్కా బృందం ప్రకటించింది. అంతవరకు ముద్దాయిగా నిలిచిన కణజాతిలోనే కాపలాదారులూ ఉన్నారన్నమాట. రోగనిరోధక కణం కాని ఫైబ్రోబ్లాస్ట్ కూడా నిష్క్రియమైన ఆధారం కాదని, అందులో ఒక వర్గం వాపును పెంచితే మరొక వర్గం ఎముకను తింటుందని 2019లో క్రాఫ్ట్ బృందం ఎలుకల్లో చూపింది.

79 మంది దాతల కీలుపొర నుంచి 3,14,000కు పైగా కణాలను చదివి, 2023లో ఒక అమెరికా పరిశోధన కూటమి 'నేచర్' పత్రికలో కణపటాన్ని ప్రచురించింది. కణాల నిష్పత్తిని బట్టి రోగుల కీలుపొరలు ఆరు వర్గాలుగా విడిపోయాయి. కొందరిలో టి, బి కణాలు ప్రధానం. కొందరిలో మాక్రోఫేజుల వంటి మైలాయిడ్ కణాలు ప్రధానం. మరికొందరిలో రోగనిరోధక కణాలు తక్కువగా, ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువగా ఉన్నాయి. ఒకే పేరు గల వ్యాధి కణాల స్థాయిలో ఒకటి కాదని దీని సారాంశం.

ఈ జ్ఞానం చికిత్సను నిర్ణయించగలదా అన్నది తరువాతి ప్రశ్న. ఐదు ఐరోపా దేశాల్లో 164 మందిపై జరిగి, 2021లో వెలువడిన ఒక పరీక్షలో ముందుగా కీలుపొర ముక్క తీసి, బి కణాలు తక్కువున్న రోగులకు రిటుక్సిమాబ్ కంటే ఇంటర్‌ల్యూకిన్-6 మార్గాన్ని అడ్డుకొనే టోసిలిజుమాబ్ మేలా అని పరిశీలించారు. సూక్ష్మదర్శినితో చేసిన వర్గీకరణలో తేడా ప్రధాన ప్రమాణం ప్రకారం తేలలేదు. జన్యుక్రియను చదివి చేసిన వర్గీకరణలో టోసిలిజుమాబ్ వైపు తేడా కనిపించింది. ఎవరికి ఏ మందు అన్న నిర్ణయం కీలుపొరను చూసి చేయగల రోజు ఇంకా పూర్తిగా రాలేదు. దారి మాత్రం తెరుచుకుంది.

10. ముగింపు

ఈ చరిత్రను అంధగజన్యాయంతో పోల్చడం సులభం. ద్రవాన్ని చూసినవారికి ఒక కణం, పొరను చూసినవారికి మరొక కణం కనిపించింది. అయితే ఆ పోలిక పూర్తిగా సరిపోదు. ఇక్కడ ప్రతి వాదమూ చివరకు రోగి శరీరం మీద పరీక్షకు నిలబడవలసి వచ్చింది. ఆ పరీక్షలో ఓడిన వాదాలు కూడా ప్రశ్నను మరింత సూటిగా మార్చాయి. ఆ మేరకు రోగులు ఈ విజ్ఞానానికి కేవలం లబ్ధిదారులు కారు. తమ కీలుపొర ముక్కలతోనూ, విఫలమైన మందులను భరించిన తమ శరీరాలతోనూ దానికి భాగస్వాములు. ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు:

• ఏ కణం ప్రధానమన్న అభిప్రాయాన్ని ప్రతి దశలోనూ అందుబాటులో ఉన్న పరికరం, నమూనా గణనీయంగా నిర్ణయించాయి. ద్రవం న్యూట్రోఫిల్‌ను, మోనోక్లోనల్ యాంటీబాడీ టి కణాన్ని, కణ సంవర్ధనం సైటోకైన్‌ను ముందుకు తెచ్చాయి.

• కీలులో కణం అధికంగా ఉండటం దాని బాధ్యతకు రుజువు కాదు. దానిని అడ్డుకొన్నప్పుడు రోగికి ఏమవుతుందన్నదే మెరుగైన పరీక్ష. అది కూడా అంతిమ తీర్పు కాదని సీడీ4 చికిత్స వైఫల్యం, ఆపైన అబటాసెప్ట్ విజయం నిరూపించాయి.

• మందు, సిద్ధాంతం ఎప్పుడూ ఒకే దారిలో నడవలేదు. బంగారు లవణాలు తప్పు ఊహ నుంచి వచ్చాయి. సుబ్బారావు నాయకత్వంలోని పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ వివరణ లేకుండానే నిలిచింది.

• ఒకే కణజాతి హాని, రక్షణ రెండూ చేయగలదు. టీఎన్‌ఎఫ్ నిరోధకాలతో క్షయ బయటపడటం, రక్షక మాక్రోఫేజులను కనుగొనడం దీనికి నిదర్శనాలు.

• 'ఏ కణం కారణం?' అన్న ప్రశ్న నేడు 'ఏ రోగిలో, ఏ దశలో, ఏ కణాల మధ్య సంబంధం కారణం?' అన్న ప్రశ్నగా మారింది. నేటి మందులకు తగినంతగా స్పందించని రోగులకు మేలు ఈ రెండో ప్రశ్నకు దొరికే సమాధానం మీదనే ఆధారపడి ఉంది.